బంతి లేనప్పుడు వింగర్ ఏం చేస్తున్నాడు?

సంపాదకులకు నమస్కారం.

కొన్ని వారాలుగా మీ క్రీడా పేజీ ఉత్తరాల శీర్షికలో ఒక కొత్త ఫుట్‌బాల్ వింగర్ (మైదానం అంచున ముందువరుసలో ఆడేవాడు) గురించి వాదన నడుస్తోంది. భారీ ధరకు వచ్చిన ఆటగాడు మొదటి సీజన్‌లో ఆశించినన్ని గోల్స్ కొట్టలేదని, పైగా కార్డులు తెచ్చుకుంటున్నాడని, అతనికి క్రమశిక్షణ బొత్తిగా లేదని కొందరు రాశారు. వచ్చి ఏడాదైనా నిండని కుర్రవాడికి సమయం ఇవ్వాలని మరికొందరు బదులిచ్చారు. ఆ ఆటగాడి పేరు నేను ఇక్కడ రాయడం లేదు. ఆ ఉత్తరాల్లో అతని పేరు తీసేసి ఇంకో వింగర్ పేరు పెట్టినా ఒక్క వాక్యం కూడా మార్చనక్కరలేదు, నన్ను బాధించిన సంగతి అదే. ఇరవై ఏళ్లకు పైబడి యూరప్ లీగ్‌లు చూస్తున్నవాడిని; ఇవే మాటలను, ఇంచుమించు ఇదే వరుసలో, ఎందరి మీదనో విన్నాను.

నా అభ్యంతరం ‘క్రమశిక్షణ’ అనే మాటను మనం వాడుతున్న తీరు మీద. ఆ ఒక్క మాట కింద మూడు సంగతులను కలిపేస్తున్నాం. రిఫరీ చూపించే కార్డులు ఒకటి, ప్రాక్టీసుకు ఆలస్యంగా రావడం, రాత్రిళ్లు బయట తిరగడం వంటి మైదానం బయటి నడవడి ఇంకొకటి. ఇక మూడోది, బంతి తన దగ్గర లేనప్పుడు ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు వెనక్కి పరుగెత్తాలి, ఎవరి దారి మూయాలి అన్న ఆట క్రమం. మొదటిది పట్టికలో దొరుకుతుంది కనుక అందరం లెక్కపెడతాం, రెండోది చెవిన పడుతుంది కనుక నమ్మేస్తాం. అసలు వింగర్‌ను తూచవలసిన మూడోదాన్ని మాత్రం, తొంభై నిమిషాలు కళ్ల ముందే జరుగుతున్నా, చూడం. క్రమశిక్షణ అన్న మాటలోనే శిక్షణ ఉంది. మన చర్చల్లో దానిలోంచి శిక్ష ఒక్కటే మిగిలిపోతోంది.

కార్డుల సంగతే ముందు చూద్దాం. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో తన జట్టు ఆడే మొదటి 19 మ్యాచ్‌లలోపు ఐదు ఎల్లో కార్డులు తెచ్చుకున్న ఆటగాడు ఒక మ్యాచ్‌కు దూరమవుతాడు, 32 మ్యాచ్‌లలోపు పది వస్తే రెండు మ్యాచ్‌లకు. నిబంధన కార్డులను లెక్కపెడుతుంది గాని అవి ఎందుకు వచ్చాయో అడగదు. అది అడగవలసినవాళ్లం మనమే. తన వెనుక అదే అంచున కాపలా కాసే ఫుల్‌బ్యాక్ ముందుకు వెళ్లి చిక్కుకుపోయి ఉండగా ప్రత్యర్థి బంతి లాక్కుని మెరుపులా కౌంటర్ అటాక్‌కు బయలుదేరితే, ఆ పరుగును మైదానం నడిమధ్యే ఆపి కార్డు తీసుకున్న వింగర్ నిబంధన తప్పాడు, నిజమే. కాని ఆ క్షణంలో తన పని ఏమిటో అతనికి తెలుసు. గోల్ కొట్టిన ఆనందంలో చొక్కా విప్పి తీసుకున్న కార్డునూ, రిఫరీ మీదికి వెళ్లి చేతులు ఊపి తెచ్చుకున్న కార్డునూ దానితో కలిపి కూడితే వచ్చే అంకె మనకు ఏమీ చెప్పదు.

2024 సెప్టెంబర్ 22న మాంచెస్టర్ సిటీ మైదానంలో ఆర్సెనల్ వింగర్ లియాండ్రో ట్రోసార్డ్‌కు వచ్చిన కార్డు చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆర్సెనల్ అప్పటికి 2-1 ఆధిక్యంలో ఉంది, మొదటి సగం ముగియవచ్చింది. ఫౌల్‌కు విజిల్ మోగాక ట్రోసార్డ్ బంతిని దూరంగా తన్నాడు. రెండో ఎల్లో, దానితో రెడ్, అంటే ఆట నుంచి బయటికి. ఇక రెండో సగమంతా పదిమందీ పెనాల్టీ ఏరియా ముందు గోడకట్టి నిలబడ్డారు. 98వ నిమిషంలో సిటీ ఆటగాడు జాన్ స్టోన్స్ గోల్ కొట్టి 2-2 చేశాడు. ఆ నిర్ణయం కఠినమైనదా కాదా అన్నది వేరే చర్చ. బంతి ఆగిపోయాక చేసిన పనికి జట్టు అంత మూల్యం చెల్లించడం మాత్రం ఏ అభిమానికైనా గుచ్చుకుంటుంది. అలాంటి కార్డు గురించి కోపం వస్తే ఆ కోపం సబబే.

అయితే రెడ్ కార్డులన్నీ ఒకటేనని అనుకునేవారు రియల్ మాడ్రిడ్ వింగర్ వినిసియస్ జూనియర్‌కు వలెన్సియా మైదానంలో వచ్చిన రెండు కార్డులను పక్కపక్కన పెట్టి చూడాలి. 2023 మే 21న అక్కడ ప్రేక్షకుల్లో కొందరు అతనిని జాతి పేరుతో దూషించారు, ఆట ఆగిపోయింది, ఆఖరి నిమిషాల్లో జరిగిన తోపులాటలో అతనికే రెడ్ కార్డ్ వచ్చింది. ఆ కార్డును తరువాత రద్దు చేశారు. దూషించినవారిలో ముగ్గురికి 2024 జూన్‌లో స్పెయిన్ న్యాయస్థానం ఎనిమిది నెలల జైలుశిక్ష విధించింది. 2025 జనవరి 3న అదే మైదానంలో వలెన్సియా గోల్‌కీపర్‌ను చేత్తో నెట్టి మళ్లీ రెడ్ కార్డ్ తెచ్చుకున్నాడు, రెండు మ్యాచ్‌ల నిషేధం పడింది. రెండోది అతని తప్పే. మొదటిదానికి కారణమేమిటో తెలిసి కూడా, రెండింటినీ కలిపి ‘ఇతనిది ఎప్పుడూ ఇంతే’ అని రాసేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఒక యువకుడు అవమానాన్ని భరించలేకపోవడం వేరు, ఊరికే చేయి చేసుకోవడం వేరు. ఈ తేడా చెప్పలేని చర్చలో క్రమశిక్షణ అన్న మాట వాడకపోవడమే మంచిది.

మైదానం బయటి సంగతులు ఇంకా చిక్కైనవి, ఎందుకంటే మనం అక్కడ లేము. క్లబ్ బయటపెట్టినంత, కోచ్ చెప్పినంతే మనకు తెలుసు. 2021 డిసెంబర్‌లో న్యూకాజిల్‌తో మ్యాచ్‌కు మాంచెస్టర్ సిటీ కోచ్ పెప్ గార్డియోలా జాక్ గ్రీలిష్‌ను, ఫిల్ ఫోడెన్‌ను బెంచ్ మీద కూర్చోబెట్టాడు. ఆటగాళ్లు మైదానంలోనూ బయటా ఎలా మెలుగుతున్నారో తాను గమనిస్తుంటానని బహిరంగంగానే అన్నాడు. ఆ సంగతి అక్కడితో ముగిసింది. 2023 సెప్టెంబర్‌లో జేడన్ సాంచోను ప్రాక్టీసులో బాగా చేయనందువల్ల జట్టులోకి తీసుకోలేదని అప్పటి మాంచెస్టర్ యునైటెడ్ కోచ్ ఎరిక్ టెన్ హాగ్ చెబితే, అది నిజం కాదని సాంచో బహిరంగంగా ఖండించాడు, అది మాత్రం నెలల తరబడి నలిగింది. ఆ ఇద్దరిలో ఎవరిది నిజమో ఇంట్లో టీవీ ముందు కూర్చున్న నేను తేల్చలేను. 2024 జనవరిలో జర్మన్ క్లబ్ డార్ట్‌మండ్‌కు అప్పు మీద వెళ్లిన సాంచో, ఆ ఏడాది జూన్ 1న వెంబ్లీలో, యూరప్ క్లబ్‌ల అతిపెద్ద పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడాడు. ఇక్కడ పనికిరాడన్నవాడు అక్కడ ఫైనల్‌దాకా వెళ్లాడు. కోచ్ తప్పని గాని, ఆటగాడు తప్పని గాని దీనితో రుజువు కాదు. ఒక ప్రాక్టీసు మైదానంలో ఏం జరిగిందో తెలియకుండా ఒక మనిషి స్వభావం మీద తీర్పు రాయరాదని మాత్రం నాకు అనిపించింది.

ఉస్మాన్ డెంబెలె కథ మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మన వాదనలో ఉన్న ప్రతి ఆరోపణా అతని మీద ఏదో ఒకనాడు వచ్చినదే. 2017 ఆగస్టులో అతను డార్ట్‌మండ్ ప్రాక్టీసుకు రాకుండా ఉండిపోయాడు, క్లబ్ సస్పెండ్ చేసింది. ఆ నెలలోనే బార్సిలోనా 105 మిలియన్ యూరోలకు, ఆపైన అదనపు చెల్లింపుల షరతులతో అతన్ని కొన్నది. సెప్టెంబర్‌లో గెటాఫేతో మ్యాచ్‌లో తొడ వెనుక కండరం దెబ్బతిని, ఆపరేషన్ చేయించుకుని, తిరిగి మైదానంలోకి వచ్చేసరికి కొత్త సంవత్సరం వచ్చేసింది. ఆ మొదటి సీజన్‌లో స్పెయిన్ లీగ్ అయిన లా లిగాలో అతను కొట్టినవి 3 గోల్స్. ఆ తరువాతి ఏళ్లలో గాయం మీద గాయం. ప్రాక్టీసుకు వేళకు రాడన్న మాట అతని వెంట నీడలా తిరిగింది. 2023లో పారిస్ క్లబ్ పీఎస్‌జీకి వెళ్లాక కూడా, 2024 అక్టోబర్ 1న ఆర్సెనల్‌తో ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌కు కోచ్ లూయిస్ ఎన్‌రికే అతన్ని జట్టుతో తీసుకెళ్లకుండా పారిస్‌లోనే వదిలేశాడు. అప్పటికి అతనికి ఇరవై ఏడేళ్లు. ‘ఇక ఇతను మారడు’ అన్నవారిని నేను తప్పుపట్టలేను, ఆరోజు నేనూ అదే అన్నాను.

ఎనిమిది నెలల తరువాత, 2025 మే 31న మ్యూనిక్‌లో ఇంటర్ మిలాన్‌తో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌ను చూసినవారు ఒక దృశ్యాన్ని మరిచిపోలేరు. ఇంటర్ గోల్‌కీపర్ యాన్ సోమర్ ముందు బంతి ఉంది. పెనాల్టీ ఏరియా గీత దగ్గర డెంబెలె ముందుకు వంగి, ఒక కాలు వెనక్కి పెట్టి, పరుగు పందెంలో తుపాకీ చప్పుడు కోసం కాచుకున్నవాడిలా నిలబడి, గోల్‌కీపర్ కళ్లలోకే చూస్తున్నాడు. బంతి కదిలిన మరుక్షణం అతనూ కదులుతాడు. పీఎస్‌జీ 5-0తో గెలిచిన ఆ మ్యాచ్‌లో అతను గోల్ కొట్టలేదు, రెండు అసిస్ట్‌లు (గోల్‌కు దారితీసిన పాస్‌లు) ఇచ్చాడు. మ్యాచ్ అయ్యాక ఎన్‌రికే పొగిడింది ఆ అసిస్ట్‌లను కాదు, అతను ప్రత్యర్థిని వెంటాడి డిఫెన్స్‌కు అందించిన సాయాన్ని. ఏటా మేటి ఆటగాడికి ఇచ్చే బాలన్ డి ఓర్ అతనికే ఇవ్వాలని కూడా అన్నాడు. సెప్టెంబర్‌లో ఆ అవార్డు అతనికే వచ్చింది. ఆ సీజన్‌లో అన్ని పోటీల్లో కలిపి పీఎస్‌జీ తరఫున అతనివి 35 గోల్స్. గోల్స్ పెరగడానికి వింగ్ నుంచి మధ్యకు మార్చడం ఒక కారణం, సందేహం లేదు. కాని గోల్‌కీపర్ ఎదుట ఆ నిలబడిన తీరు ఉందే, దాన్ని ఏ పట్టికా పట్టుకోదు. నేను మూడో రకం క్రమశిక్షణ అన్నది దాన్నే.

ఆ ఫైనల్ తరువాత నేను ఒక పని మొదలుపెట్టాను. పాత మ్యాచ్‌లు మళ్లీ చూసేటప్పుడు బంతిని వదిలేసి, ఒక్క వింగర్‌నే చూస్తాను. మొదటి పది నిమిషాలు చాలా కష్టం, కన్ను తనంతట తానే బంతి వైపు లాగుతుంది. అలవాటయ్యాక ఆట వేరేలా కనిపిస్తుంది. తన వెనుక ఫుల్‌బ్యాక్ ఎక్కడున్నాడో తల తిప్పి చూసుకుంటున్నాడా? బంతి పోయిన వెంటనే చేతులు నడుం మీద పెట్టుకుని రిఫరీ వైపు చూస్తున్నాడా, లేక మొదటి మూడు అడుగులూ వెనక్కి వేస్తున్నాడా? బంతి అవతలి వైపున ఉన్నప్పుడు టచ్‌లైన్ (మైదానం పక్కగీత) మీదే ఉండిపోతున్నాడా, లోపలికి జరుగుతున్నాడా?

2022 మే 28న పారిస్‌లో లివర్‌పూల్‌తో రియల్ మాడ్రిడ్ ఆడిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌ను అలా చూస్తే వినిసియస్ కొట్టిన గోల్ మరో రకంగా అర్థమవుతుంది. 59వ నిమిషంలో కుడివైపు నుంచి ఫెడెరికో వాల్వెర్డె బంతిని గోల్ ముందుకు బలంగా పంపాడు. వినిసియస్‌కు కావలసింది ఒక్క టచ్, అది పసివాడైనా వేయగలిగినంత తేలికగా కనిపిస్తుంది. ఆ టచ్‌కు ముందు అతను అలెగ్జాండర్-ఆర్నాల్డ్ వెనుక, ఆ డిఫెండర్ చూపు పడని చోట, తొందరపడి ముందుకు రాకుండా ఆగి ఉన్నాడు. ఆ ఆగడమే గోల్. నాలుగేళ్ల ముందు, 2018లో పద్దెనిమిదేళ్ల వయసులో మాడ్రిడ్‌కు వచ్చిన కుర్రవాడు అలా ఆగగలిగేవాడు కాదు.

ఆ నాలుగేళ్ల లెక్క కూడా చెప్పాలి. లా లిగాలో అతని గోల్స్ మొదటి సీజన్‌లో 2, రెండో సీజన్‌లో 3, మూడో సీజన్‌లోనూ 3. నాలుగోదానిలో 17. మూడో సీజన్ మొదట్లో, 2020 అక్టోబర్‌లో జర్మనీలో ఒక మ్యాచ్ విరామంలో, కరీం బెంజెమా మరో సహచరుడితో వినిసియస్‌కు బంతి ఇవ్వవద్దని అనడం కెమెరాకు చిక్కింది. పక్కన ఆడేవాడికే ఓపిక నశించింది! 2021-22లో ఆ బెంజెమా, ఈ వినిసియస్ కలిసి ఆడిన ఆటే మాడ్రిడ్‌ను ఆ పారిస్ ఫైనల్ దాకా తీసుకెళ్లింది. ఓపిక పట్టమని అభిమానులకు చెప్పడం తేలికేనని నాకు తెలుసు. నేను అడిగేది ఓపిక కూడా కాదు, ఏం చూడాలో తెలుసుకుని చూడమని.

వింగర్‌కు మొదటి సీజన్ ఎందుకంత కష్టమో ఈ ఉత్తరాల్లో ఎవరూ రాయలేదు. స్ట్రైకర్‌కు బంతి గోల్ ముందు అందుతుంది, ఏ దేశంలోనైనా గోల్ కొలత ఒకటే. వింగర్ ఆట మాత్రం తన వెనుక ఆడే ఫుల్‌బ్యాక్‌తో ముడిపడి ఉంటుంది. ఫుల్‌బ్యాక్ బయటి నుంచి పరుగెత్తే రకమా, లోపలికి వచ్చే రకమా అన్నదాన్ని బట్టి వింగర్ టచ్‌లైన్ పట్టుకోవాలో, మధ్యకు కోసుకుపోవాలో తేలుతుంది, ఆ పొత్తు కుదరడానికి నెలలు పడుతుంది. పాత క్లబ్‌లో కౌంటర్ అటాక్‌లో ఎదురుగా ముప్పై గజాల ఖాళీ దొరికినవాడికి, పెద్ద క్లబ్‌కు వచ్చాక, తన పెనాల్టీ ఏరియాలోనే కూర్చునే ప్రత్యర్థి ఎదురవుతాడు. పరుగుకు చోటే ఉండదు. ఒకటి రెండు నెలల్లో ప్రత్యర్థి కోచ్‌లు అతని వీడియోలు చూసి, అతని ఇష్టమైన కాలు ఏదో తెలుసుకుని, ఇద్దరిని కాపలా పెడతారు. 2021 ఆగస్టులో 100 మిలియన్ పౌండ్లకు సిటీకి వచ్చిన గ్రీలిష్, పాత క్లబ్ ఆస్టన్ విల్లాలో తన ఇష్టప్రకారం ఆడిన ఆటగాడు. మొదటి లీగ్ సీజన్‌లో 3 గోల్స్ కొట్టాడు. బంతిని పట్టి ఉంచి, జట్టు కుదురుకునేదాకా ఆటను నెమ్మదింపజేయడం అతనికి అప్పగించిన పని. ఆ పని గోల్స్ పట్టికలో రాదు. మరుసటి ఏడాది అదే పని చేస్తూ మూడు ట్రోఫీలు గెలిచిన జట్టులో అతను దాదాపు ప్రతి పెద్ద మ్యాచ్‌లో ఉన్నాడు.

క్రిస్టియానో రొనాల్డో ఉదాహరణ అందరూ చెప్పేదే కనుక క్లుప్తంగా వదిలేస్తాను: 2003-04లో మాంచెస్టర్ యునైటెడ్ తరఫున లీగ్‌లో 4 గోల్స్, సీజన్ చివరి లీగ్ మ్యాచ్‌లో ఆస్టన్ విల్లా మీద ఒక గోల్, ఆ మ్యాచ్‌లోనే రెడ్ కార్డ్. నాలుగేళ్ల తరువాత ఒక సీజన్‌లో 31 లీగ్ గోల్స్. చెల్సీలో 13 లీగ్ మ్యాచ్‌లు ఆడి 2 గోల్స్ కొట్టి వెళ్లిపోయిన మొహమ్మద్ సలా, 2017-18లో లివర్‌పూల్‌కు 32 కొట్టిన సంగతీ అంతే.

ఈ ఉదాహరణలు చూపించి, ప్రతి కొత్త వింగర్ చివరికి రొనాల్డో అవుతాడని వాదించేవారితో కూడా నేను ఏకీభవించను. ఎదురు సంగతులూ ఉన్నాయి. 2022లో యునైటెడ్‌కు వచ్చిన ఆంటొనీ తన మొదటి మూడు లీగ్ మ్యాచ్‌లలోనూ గోల్ కొట్టాడు, ఆ రోజుల్లో అతన్ని ఆకాశానికెత్తినవారిలో నేనూ ఉన్నాను. ఆ సీజన్ మొత్తానికి అతని లీగ్ గోల్స్ 4, తరువాతి సీజన్‌లో 1. 2022 అక్టోబర్‌లో షెరీఫ్ క్లబ్‌తో మ్యాచ్‌లో బంతితో గిరగిరా తిరిగి ఆ వెంటనే బంతిని వృథా చేసినప్పుడు పెద్ద గొడవ జరిగింది. ఆ విద్యతో ఆటకు ప్రయోజనం ఉంటే తనకు అభ్యంతరం లేదని టెన్ హాగ్ అన్న మాట, ఆ చర్చలో వచ్చిన అన్ని మాటల కంటే సరైనదిగా నాకు తోచింది. 2025 జనవరిలో స్పెయిన్ క్లబ్ బెటిస్‌కు వెళ్లాక అతని ఆట మళ్లీ తేటపడింది. అంటే తొలి నెలల గోల్స్ మనల్ని ఎంత మోసం చేయగలవో, తొలి నెలల కరువు కూడా అంతే మోసం చేయగలదు.

అందువల్ల వాదిస్తున్న పాఠక మిత్రులకు నా విన్నపం ఇది. అతని కార్డుల మీద కోపం ఉంటే ఏ కార్డు, ఎందుకు అన్నది రాయండి. ఏ రాత్రి ఎక్కడ కనిపించాడన్న కబుర్లు వదిలేయండి. వచ్చే మ్యాచ్‌లో ఒక సగం పాటు, బంతి ఎక్కడున్నా సరే, అతన్ని ఒక్కడినే చూసి, కనిపించింది రాయండి. అతను నిజంగా బద్ధకంగా ఆడుతున్నాడని తేలితే, ఆ ఉత్తరంతో ముందుగా ఏకీభవించేవాడిని నేనే అవుతాను. వెనక్కి పరుగెత్తని వింగర్‌ను, ఫుల్‌బ్యాక్‌ను ఒంటరిగా వదిలేసేవాడిని, ఎన్ని గోల్స్ కొట్టినా నేను సమర్థించను.

మీకు కూడా ఒక మనవి. సీజన్ చివర కొత్త ఆటగాళ్లకు మార్కులు వేసే పట్టిక మీ పేజీలో వస్తుంది కదా. అందులో గోల్స్, అసిస్ట్‌లు, కార్డుల పక్కన ఇంకో రెండు గళ్లు చేర్చగలరా? ఎన్ని నిమిషాలు ఆడాడు, ఎక్కువగా ఏ స్థానంలో ఆడాడు అన్నవి. కార్డుల గడిలో అంకె పక్కన ఒక్క మాట, ఫౌలా, వాదనా, కాలయాపనా అని. స్థలం చాలకపోతే మార్కుల గడి తీసేసినా పరవాలేదు.

ఇట్లు,
భవదీయుడు,
మీ క్రీడా పేజీ పాఠకుడు